కోసే ఎంజైమ్, కూల్చే ఎంజైమ్
నార్సింగి మెడికల్ షాపులో దొరికే ఒక మాత్ర వెనుక కథ

ఔటర్ రింగ్ రోడ్డు దిగి నార్సింగిలో అడుగుపెట్టినవారికి ముందుగా కనిపించేవి అంతస్తు మీద అంతస్తుగా లేచిన భవన సముదాయాలు. వాటి నీడలోనే పాత ఊరి ఇళ్ళు ఉన్నాయి, కూరగాయల బండ్లున్నాయి, ఆ భవనాలను కడుతున్న కూలీల రేకుల గుడిసెలున్నాయి. రాత్రి డ్యూటీకి వెళ్ళే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, పగలంతా సిమెంటు మోసిన మేస్త్రీ, బిడ్డను చంకనెత్తుకున్న తల్లి కలుసుకునే చోటు ఒకటుంది. అది మెడికల్ షాపు. గొంతునొప్పి అనీ, పంటినొప్పి అనీ, జ్వరం తగ్గలేదనీ చెప్పి చాలామంది అక్కడ పేరుతో కాక అంకెతో అడిగే మందు ఒకటుంది. అదే 'సిక్స్ ట్వంటీ ఫైవ్'.

ఆ అంకెకు అర్థం ఏమిటి? అందులో 500 మిల్లీగ్రాములు అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్, 125 మిల్లీగ్రాములు క్లావులానిక్ ఆమ్లం అనే మరో పదార్థం. రెండూ కలిపితే 625. ఒకే మాత్రలో ఈ రెండూ ఎందుకు ఉండవలసి వచ్చిందో తెలుసుకుంటే, ఆ మాత్రను చేతిలోకి తీసుకునే తీరే మారుతుందని మేము భావిస్తున్నాము. ఎందుకంటే ఈ కథలో రెండు ఎంజైములున్నాయి. రెండూ బ్యాక్టీరియా తయారుచేసేవే. ఒకటి ఈ మందును ఫ్యాక్టరీలో చౌకగా, సమృద్ధిగా తయారుచేసిపెడుతుంది. రెండవది అదే మందును మన శరీరంలో పనికిరాకుండా చేస్తుంది. మొదటిదానిని మానవుడు పనిలో పెట్టుకున్నాడు. రెండవదానిని తన అజాగ్రత్తతో పెంచి పోషిస్తున్నాడు.

హైదరాబాదుకు ఈ మందుతో బంధం

ఈ మందు గురించి నార్సింగి నుండి మాట్లాడటం యాదృచ్ఛికం కాదు. ఐటీ నగరంగా పేరు పడకముందే హైదరాబాదు మందుల నగరం. 1961లో కేంద్ర ప్రభుత్వం స్థాపించిన ఐడీపీఎల్ సంస్థ సోవియట్ యూనియన్ సహకారంతో రిషికేశ్‌లో యాంటీబయాటిక్స్ కర్మాగారాన్ని, హైదరాబాదు బాలానగర్‌లో కృత్రిమ ఔషధాల కర్మాగారాన్ని నెలకొల్పింది. అంతకుముందే, 1954లో, పుణె సమీపంలోని పింప్రీలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్‌ల తోడ్పాటుతో హిందుస్థాన్ యాంటీబయాటిక్స్ ఏర్పడింది. బాలానగర్‌లో పని నేర్చుకున్నవారిలో కొందరు తరువాత సొంత కంపెనీలు పెట్టారు. డాక్టర్ రెడ్డీస్ వ్యవస్థాపకుడు అంజిరెడ్డి వారిలో ఒకరు.

నార్సింగికి కొద్ది దూరంలోనే, రాయదుర్గం నాలెడ్జ్ సిటీలో, అరబిందో ఫార్మా ప్రధాన కార్యాలయం ఉంది. 1986లో పి.వి. రాంప్రసాద్ రెడ్డి, కె. నిత్యానంద రెడ్డి స్థాపించిన ఈ కంపెనీ 1988-89లో పాండిచ్చేరిలో ఒకే ఒక యూనిట్‌తో ఉత్పత్తి ప్రారంభించింది. అక్కడ తయారైనవి అర్ధకృత్రిమ పెన్సిలిన్లు. అంటే సగం పని ప్రకృతిది, సగం పని మనిషిది. అమాక్సిసిలిన్ ఆ కోవకు చెందినదే. ఆ 'సగం సగం' పని ఎలా జరుగుతుందో చూద్దాం.

బూజు ఇచ్చే ముడిసరుకు

1928లో లండన్‌లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ తన ప్రయోగశాలలో ఒక బూజు చుట్టూ బ్యాక్టీరియా చనిపోయి ఉండటం గమనించాడు. ఆ బూజు విడుదల చేసే పదార్థానికి పెన్సిలిన్ అని పేరు పెట్టాడు. దానిని శుద్ధిచేసి మందుగా మార్చినవారు ఆక్స్‌ఫర్డ్‌లోని హోవర్డ్ ఫ్లోరీ, ఎర్నెస్ట్ చెయిన్, వారి సహచరులు. 1941 ఫిబ్రవరిలో ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసు ఉద్యోగికి వారు ఈ మందు ఇచ్చారు. ఆయన కోలుకోసాగాడు. కాని మందు చాలలేదు. ఆయన మూత్రం నుండి కూడా పెన్సిలిన్‌ను తిరిగి సేకరించి వాడారు. అదీ అయిపోయింది. జబ్బు తిరగబెట్టి, మరుసటి నెలలో ఆయన మరణించాడు. మందు తెలిసి కూడా చాలినంత లేక ఒక ప్రాణం పోయింది. నేడు ప్రతి వీధిలో దొరికే మాత్ర విలువ ఎంతో ఈ ఒక్క ఉదంతం చెబుతుంది.

తరువాత అమెరికాలో పెద్ద తొట్లలో బూజును పెంచే పద్ధతి వచ్చింది. ఇప్పటికీ సూత్రం అదే. పాలలో తోడు వేసి పెరుగు చేసుకున్నట్లే, ఎత్తైన ఉక్కు తొట్టిలో చక్కెర, మొక్కజొన్నలు నానబెట్టిన ద్రవం వంటి ఆహారాన్ని నింపి, దానిలో ఎంపిక చేసిన బూజును తోడు వేస్తారు. సుమారు 25 డిగ్రీల వేడిలో, శుభ్రమైన గాలిని నిరంతరం పంపుతూ కొన్ని రోజులపాటు పెంచుతారు. దానితోపాటు ఫినైల్ ఎసిటిక్ ఆమ్లం అనే రసాయనాన్ని కొద్దికొద్దిగా అందిస్తారు. బూజు దానిని తన పెన్సిలిన్‌కు తోకగా తగిలించుకుంటుంది. అలా తయారైనది పెన్సిలిన్ జి.

పెన్సిలిన్ జి గొప్ప మందే. కాని కడుపులోని ఆమ్లానికి చెడిపోతుంది గనుక ఎక్కువగా ఇంజెక్షన్‌గానే ఇవ్వాలి. అది పనిచేసే సూక్ష్మజీవుల జాబితా కూడా చిన్నది. అందుచేత నేడు పెన్సిలిన్ జి చాలావరకు ముడిసరుకుగానే ఉపయోగపడుతుంది.

కోసే ఎంజైమ్

పెన్సిలిన్ అణువును ఒక తాళంచెవిగా ఊహించుకోండి. దాని తల భాగంలో నాలుగు పరమాణువులతో బిగించిన చిన్న చతురస్రం ఉంటుంది. దీనిని బీటా-లాక్టమ్ వలయం అంటారు. మందు శక్తి అంతా ఇందులోనే ఉంది. బ్యాక్టీరియా తన చుట్టూ కట్టుకునే గోడకు అతుకులు వేసే పనిముట్టులో ఈ తల ఇరుక్కుపోతుంది. గోడ పూర్తికాక బ్యాక్టీరియా పగిలి చస్తుంది. మన శరీర కణాలకు అటువంటి గోడ లేదు. కాబట్టి మనకు ఆ దెబ్బ తగలదు. ఇక రెండవ భాగం తోక. మందు కడుపులో నిలవాలన్నా, ఎక్కువ రకాల బ్యాక్టీరియాలోకి చొరబడాలన్నా తోకను మార్చాలి.

1950ల చివర ఇంగ్లండ్‌లోని బీచమ్ కంపెనీ శాస్త్రవేత్తలు తోక లేని తలను విడిగా సంపాదించగలిగారు. 1959లో ఆ సంగతి ప్రకటించారు. దాని పేరు 6-ఏపీఏ. ఆ తలకు కొత్త తోకలు తగిలిస్తే 1961లో ఆంపిసిలిన్, 1972లో అమాక్సిసిలిన్ వచ్చాయి. అయితే చిక్కు ఒకటి మిగిలింది. పెన్సిలిన్ జి తోకను తెంపడం ఎలా? తలలోని చతురస్రం ఎంతో సున్నితమైనది. కొంచెం మోటుగా ముట్టుకుంటే తోక కంటే ముందు తలే విరిగిపోతుంది.

దీనికి రసాయన శాస్త్రం ఒక దారి చూపింది. డైక్లోరోమీథేన్ వంటి ద్రావకాలలో, ఫాస్ఫరస్ పెంటాక్లోరైడ్ వంటి ఘాటైన రసాయనాలతో, సున్నాకు 40 డిగ్రీల దిగువన చలిలో తోకను తెంపడం. ఆ చలిని నిలపడానికి విద్యుత్తు ఖర్చు, ఆ ద్రావకాలను పీల్చే కార్మికులకు ముప్పు, చివరికి మిగిలే విషపు వ్యర్థం. ఇదంతా మందు ధరలోనూ, చుట్టుపక్కల నేలలోనూ చేరేది.

రెండవ దారిని బ్యాక్టీరియా చూపింది. మన పేగులలో నివసించే ఈ. కోలై అనే బ్యాక్టీరియాలో కొన్ని తెగలు ఒక ఎంజైమ్‌ను తయారుచేస్తాయని 1960 ప్రాంతంలో తెలిసింది. దాని పేరు పెన్సిలిన్ ఎసైలేజ్. ఎంజైమ్ అంటే జీవకణాలు చేసుకునే పనిముట్టు. ఒక్కొక్కటి ఒక్కొక్క పనికే సరిపోతుంది. నైపుణ్యం గల దర్జీ బట్టకు గాటు పడకుండా కుట్టు మాత్రమే విప్పినట్లు, ఈ ఎంజైమ్ తలలోని చతురస్రాన్ని ముట్టుకోకుండా తోకను మాత్రమే కోస్తుంది. అదీ మంచునీటిలోనో, విషపు ద్రావకంలోనో కాదు. మామూలు నీటిలో, దాదాపు మన ఒంటి వేడిలో.

ఫ్యాక్టరీలో ఈ పని ఎలా జరుగుతుందో చూడండి. ముందుగా బ్యాక్టీరియాను తొట్టిలో పెంచి, దాని నుండి ఎంజైమ్‌ను వేరుచేస్తారు. ఆ ఎంజైమ్‌ను సన్నని సగ్గుబియ్యం వంటి పూసలకు గట్టిగా అతికిస్తారు. ఆ పూసలున్న తొట్టిలోకి పెన్సిలిన్ జి కలిపిన నీటిని పంపుతారు. తోక తెగినకొద్దీ నీటిలో ఆమ్లం పెరుగుతుంది. ఎంజైమ్‌కు నచ్చే పీహెచ్ 8 దగ్గర నీటిని నిలిపేందుకు అమోనియా వంటి క్షారాన్ని చుక్కచుక్కగా కలుపుతుంటారు. పని ముగిశాక నీటిని వడకడతారు. పూసలు తొట్టిలోనే ఉండిపోతాయి. మరుసటి విడతకు అవే పూసలు. ఇలా వందల సార్లు వాడుకోవచ్చు. వడకట్టిన నీటిని తగినంత ఆమ్లంగా మారిస్తే 6-ఏపీఏ తెల్లని స్ఫటికాలుగా అడుగుకు దిగుతుంది. తెగిన తోక, అదే ఫినైల్ ఎసిటిక్ ఆమ్లం, తిరిగి బూజు తొట్టికి ఆహారంగా వెళ్ళగలదు.

ఇంకొక విశేషం. ఇదే ఎంజైమ్ తగిన పరిస్థితులు కల్పిస్తే తోకను కోయడమే కాక కొత్త తోకను అతికించనూ గలదు. 6-ఏపీఏకు హైడ్రాక్సీఫినైల్ గ్లైసిన్ అనే భాగాన్ని ఈ ఎంజైమ్‌తోనే కలిపి నీటిలోనే అమాక్సిసిలిన్ తయారుచేసే పద్ధతి నేడు పరిశ్రమలో వాడుకలో ఉంది. పిల్లలకు తరచుగా రాసే సెఫాలెక్సిన్ తయారీలోనూ ఈ కుటుంబపు ఎంజైములు పనిచేస్తాయి. ఔషధ పరిశ్రమలో అతిపెద్ద స్థాయిలో సాగే ఎంజైమ్ ప్రక్రియలలో ఇదొకటి. ఏటా వేల టన్నుల 6-ఏపీఏ ఈ విధంగానే తయారవుతోంది.

తొట్లు ఆగిపోయిన కాలం

ఇంత మంచి పద్ధతి చేతిలో ఉన్నా మన దేశం ఒక పెద్ద లోటును ఎదుర్కొంది. తోకను కోసే విద్య ఉంది, మాత్ర కట్టే విద్య ఉంది. కాని కోయడానికి కావలసిన పెన్సిలిన్ జి రావలసింది బూజు తొట్టి నుండి. అటువంటి తొట్లను నడపడానికి పెద్ద పెట్టుబడి, చౌకైన విద్యుత్తు, చౌకైన చక్కెర కావాలి. 1990ల తరువాత చైనా నుండి పెన్సిలిన్ జి, 6-ఏపీఏ తక్కువ ధరకు రావడం మొదలైంది. పోటీకి నిలవలేక మన దేశపు తొట్లు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. ప్రపంచానికి మందులు ఎగుమతి చేసే దేశం, అతి ముఖ్యమైన మందు ముడిసరుకుకు ఒకే పొరుగు దేశం మీద ఆధారపడింది.

2020 ఆరంభంలో కోవిడ్ వల్ల చైనా ఫ్యాక్టరీలు మూతపడినప్పుడు ఈ ఆధారపడటం ఎంత ప్రమాదకరమో అందరికీ తెలిసివచ్చింది. అదే ఏడాది కేంద్ర ప్రభుత్వం ముడి ఔషధాల కోసం 6,940 కోట్ల రూపాయలతో పీఎల్ఐగా పిలిచే ప్రోత్సాహక పథకాన్ని ప్రకటించింది. పెన్సిలిన్ జి, క్లావులానిక్ ఆమ్లం రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. ఆ పథకం కింద అరబిందో ఫార్మా అనుబంధ సంస్థ లైఫియస్ ఫార్మా కాకినాడ ప్రాంతంలో ఏటా 15,000 టన్నుల పెన్సిలిన్ జి తయారుచేయగల కర్మాగారాన్ని నిర్మించింది. 2024లో అక్కడ ఉత్పత్తి మొదలైంది. నార్సింగి పక్కన ఉన్న కార్యాలయం నుండి నడిచే వ్యాపారం, గోదావరి జిల్లాల తీరాన బూజు తొట్లను మళ్ళీ వెలిగించింది. ధరల పోటీ ఇంకా తీరలేదు. అయినా కొరత కాలంలో ఒక బిడ్డకు మందు అందుతుందా లేదా అన్నది పరదేశపు నిర్ణయం మీద మాత్రమే ఆధారపడకూడదన్న పాఠం విలువైనది.

కూల్చే ఎంజైమ్

ఇప్పుడు రెండవ ఎంజైమ్ సంగతి. పెన్సిలిన్ ఇంకా రోగులకు అందకముందే, 1940లోనే, చెయిన్, ఎడ్వర్డ్ ఏబ్రహామ్ అనే ఇద్దరు ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు ఒక హెచ్చరిక ప్రచురించారు. కొన్ని బ్యాక్టీరియాలలో పెన్సిలిన్‌ను నాశనం చేసే ఎంజైమ్ ఉందని వారు కనుగొన్నారు. దానికి పెన్సిలినేజ్ అని పేరు పెట్టారు. నేడు ఆ కుటుంబమంతటినీ బీటా-లాక్టమేజ్‌లు అంటారు. ఇవి తోకను ముట్టుకోవు. నేరుగా తలలోని చతురస్రాన్ని బద్దలుకొడతాయి. ఆ తరువాత మిగిలేది మందు కాదు, ఒట్టి పిండి.

ఆలోచింపజేసే సంగతి ఏమిటంటే, ఫ్యాక్టరీకి కోసే ఎంజైమ్‌ను ఇచ్చిన ఈ. కోలై జాతే నేడు కూల్చే ఎంజైములను మోసే వాటిలో ముందు వరుసలో ఉంది. స్త్రీలకు తరచుగా వచ్చే మూత్రనాళ ఇన్ఫెక్షన్లకు ప్రధాన కారణం ఈ బ్యాక్టీరియాయే. ఒకప్పుడు ఆంపిసిలిన్ మాత్రలతో తగ్గిన ఆ జబ్బుకు, ఇప్పుడు కొందరు తల్లులు ఆసుపత్రిలో చేరి ఇంజెక్షన్లు తీసుకోవలసి వస్తోంది. పైగా ఈ ఎంజైమ్‌ను తయారుచేసే జన్యువు చాలాసార్లు ఒక చిన్న ఉంగరం వంటి డీఎన్ఏ ముక్క మీద ఉంటుంది. ఒక బ్యాక్టీరియా దానిని పక్క బ్యాక్టీరియాకు అందించగలదు. ఒకే ఇంట్లో, ఒకే గిన్నెల మధ్య, ఒకే స్నానాల గది వాడేవారి మధ్య అటువంటి బ్యాక్టీరియా ఒకరి పేగుల నుండి మరొకరికి చేరగలదు. 2008లో గుర్తించి మన రాజధాని పేరుతో పిలిచిన ఎన్‌డీఎం-1 అనే ఎంజైమ్, వైద్యులు చివరి అస్త్రంగా దాచుకున్న మందులను సైతం కూల్చగలదు.

మనిషి ఎదురు ఎత్తు వేయకపోలేదు. నేలలో నివసించే స్ట్రెప్టోమైసిస్ అనే బ్యాక్టీరియా తెగ ఎన్నో మందులకు పుట్టినిల్లు. తెలుగువారికి ఈ తెగతో పాత పరిచయమే ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకత్వం వహిస్తున్నప్పుడే, బెంజమిన్ డగ్గర్ ఈ తెగ నుండి ఆరియోమైసిన్‌ను కనుగొన్నాడు. 1948లో వెలువడిన ఆ మందు టెట్రాసైక్లిన్ల కుటుంబంలో మొదటిది. అదే తెగలోని మరొక బ్యాక్టీరియా నుండి 1970లలో దొరికినది క్లావులానిక్ ఆమ్లం. దీనికి సొంతంగా బ్యాక్టీరియాను చంపే శక్తి చాలా తక్కువ. ఇది చేసే పని కాపలా. కూల్చే ఎంజైమ్ నోటికి తానే అడ్డుపడి దానిని పనిచేయకుండా ఆపుతుంది. ఆ సందులో అమాక్సిసిలిన్ తన పని చేసుకుపోతుంది.

ఇప్పుడు 625 అర్థం పూర్తిగా తెలిసింది. అందులో 500 సైనికుడు, 125 అతని అంగరక్షకుడు. సైనికుడు ఒంటరిగా వెళ్ళలేని స్థితి వచ్చింది గనుకనే అంగరక్షకుడు అవసరమయ్యాడు. ఆ అంగరక్షకుడినీ లెక్కచేయని ఎంజైములు ఎన్‌డీఎం-1తో సహా ఇప్పటికే పుట్టుకొచ్చాయి. 2019 ఒక్క ఏడాదిలోనే మందులకు లొంగని బ్యాక్టీరియా కారణంగా ప్రపంచంలో సుమారు 12 లక్షల 70 వేల మంది మరణించారని 2022లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన అధ్యయనం అంచనా వేసింది.

కాలువలో కలిసే మందు

బ్యాక్టీరియా ఈ విద్యను మన శరీరంలో మాత్రమే నేర్చుకోదు. మందు కలిసిన నీరు ఎక్కడుంటే అక్కడ నేర్చుకుంటుంది. నార్సింగి నుండి ఔటర్ రింగ్ రోడ్డు మీద ఉత్తరంగా వెళితే పటాన్‌చెరు వస్తుంది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం అక్కడ సుమారు 90 మందుల ఫ్యాక్టరీల మురుగును శుద్ధిచేసే కేంద్రం నుండి బయటికి వచ్చే నీటిని పరీక్షించింది. ఆ నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే స్థాయి కంటే అది ఎక్కువ. సిప్రోఫ్లాక్సాసిన్ పూర్తిగా రసాయన పద్ధతిలో తయారయ్యే మందు. మనం చెప్పుకున్న ఎంజైమ్ పద్ధతికి దానితో సంబంధం లేదు. కాని పాఠం ఒక్కటే. ఎంజైమ్ పద్ధతి ద్రావకాల విషాన్ని తగ్గిస్తుంది. కడిగిన నీటిలో, వడకట్టిన బూజు ముద్దలో మిగిలిన మందును అదే తొలగించదు. దానిని వేరుగా శుద్ధిచేయాలి.

2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ఫ్యాక్టరీ వ్యర్థ జలాలలో యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు ప్రతిపాదించింది. 2021లో వెలువడిన తుది నిబంధనలలో అవి చోటు చేసుకోలేదు. 2024 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ విషయమై మొదటిసారిగా మార్గదర్శకాలు ప్రకటించింది. చౌకగా తయారుచేయడం ఎంత అవసరమో, శుభ్రంగా తయారుచేయడం అంతే అవసరమని పౌరులుగా మనం అడగవలసి ఉంది.

అయితే నీటి విషయంలో ఫ్యాక్టరీనే కాదు, ఇంటినీ చూసుకోవాలి. 1908 వరద తరువాత నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో, 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్ గేట్లు ఎత్తితే ఆ మూసీ నీరు నార్సింగి పక్కగానే నగరంలోకి వెళుతుంది. మిగిలిన సిరప్‌ను సింకులో పోసినా, గడువు దాటిన మాత్రలను మరుగుదొడ్డిలో వేసినా, చివరికి చేరేది ఆ నదికే. దిగువన పాతబస్తీ ఉంది, ఆ తరువాత ఆ నీటితో పండే పొలాలున్నాయి.

మన ఇంటి వాటా

ఇంతవరకు తెలుసుకున్న దాని నుండి ప్రతి ఇంటికీ పనికివచ్చే కొన్ని మాటలు చెబుతాము.

పిల్లల అమాక్సిసిలిన్ సిరప్ సీసాలో పొడిగానే ఎందుకు వస్తుంది? తలలోని ఆ చతురస్రం నీటిలో తనంత తానే మెల్లగా విరిగిపోతుంది కాబట్టి. కాచి చల్లార్చిన నీటిని గీత వరకే కలపాలి. వేడినీరు పోయకూడదు. కలిపిన తరువాత సీసా మీద రాసినన్ని రోజులే, సాధారణంగా వారం రోజులే వాడాలి. క్లావులానిక్ ఆమ్లం కలిసిన సిరప్‌ను ఫ్రిజ్‌లో ఉంచాలి. పోయిన నెల మిగిలిన సీసాను దాదీ ప్రేమతో దాచి ఉంచినా, అది ఈ నెల జ్వరానికి మందు కాదు.

జలుబు, ఫ్లూ, డెంగీ వైరస్‌ల వల్ల వస్తాయి. వైరస్‌కు గోడ లేదు. గోడ కట్టనివ్వని మందుకు అక్కడ పనే లేదు. కాని ఆ మందు పేగులలోని మంచి బ్యాక్టీరియాను చంపి, కూల్చే ఎంజైమ్ ఉన్నవాటికి చోటు ఖాళీచేసి పెడుతుంది. రేపు నిజంగా అవసరం వచ్చినప్పుడు అవే ఎదురు తిరుగుతాయి. కాబట్టి 625 కావాలా వద్దా అన్నది దుకాణపు కౌంటరు దగ్గర తేలే విషయం కాదు, డాక్టరు తేల్చవలసిన విషయం. ఎర్ర గీత ఉన్న మందుల అట్టలు చెప్పేది కూడా ఇదే. రెండు మాత్రలు కొనుక్కుని, కొంచెం తేలికపడగానే ఆపేయడం పొదుపు కాదు. డాక్టరు ఎన్ని రోజులు రాస్తే అన్ని రోజులు, ఎన్ని గంటలకొకటి చెబితే అలాగే వాడాలి. తన కొడుకుకు రాసిన మందును చెల్లెలి బిడ్డకు పంచడం ఆప్యాయత అనిపించవచ్చు. పెన్సిలిన్ పడని బిడ్డకు అది ప్రాణాపాయం. దద్దుర్లు, ముఖం వాపు, ఆయాసం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ఆ సంగతి ఆపై ప్రతి డాక్టరుకూ ముందుగా చెప్పాలి.

మన ఇళ్ళలో తలెత్తే మరొక ప్రశ్న ఉంది. ఈ మందులో బ్యాక్టీరియా ఉందా, ఇది హలాలేనా? పూసలకు అతికించిన ఎంజైమ్ తొట్టిలోనే ఉండిపోతుంది. మందు స్ఫటికంగా మారి, కడిగి, శుద్ధి అయి బయటికి వస్తుంది. మాత్రలో బ్యాక్టీరియా ఉండదు. తరచుగా సందేహం కలిగించేది మందు పొడి కాదు, క్యాప్సూల్ పైపొర. అది సాధారణంగా జంతువుల ఎముకలు, చర్మం నుండి తీసే జిలాటిన్. మొక్కల నుండి తయారైన పైపొరలూ ఉన్నాయి. ఇదే మందు మాత్రగా, సిరప్‌గా కూడా దొరుకుతుంది. ఏది సమ్మతమో చెప్పవలసినది ఉలమాలు. మేము చెప్పగలిగినది ఒక్కటే. సందేహం ఉంటే మొదటి రోజే డాక్టరును అడిగి రకం మార్పించుకోండి. మధ్యలో మాత్రం మానేయకండి.

ఒక పోలీసు ఉద్యోగికి చాలని మందును ఊరూరా చాలేంతగా చేసినది ఒక బ్యాక్టీరియా ఎంజైమ్, దానిని ఓపికగా పనికి అమర్చిన మనుషుల శ్రమ. ఆ శ్రమ ఫలితం మనకు అమానత్‌గా అందింది. దానిని మన పిల్లల కాలం వరకు పదునుగా నిలపడం ఫ్యాక్టరీకి ఒక్కదానికే సాధ్యం కాదు. ఆ పనిలో కొంత భాగం మన ఇంటి మందుల డబ్బా దగ్గరే జరగాలి.